అత్తమీద కోపం దుత్తమీద చూపిస్తున్నారా?

ఉదయం ఏడున్నర. ఒక పొయ్యిమీద కుక్కర్, ఇంకో పొయ్యిమీద పోపు. చిన్నవాడికి ఒక కాలి సాక్సే కనిపిస్తోంది. పెద్దమ్మాయికి జడ వెయ్యాలి. "నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?" అని శ్రీవారి కేక. అంతలో అత్తగారు, "నిన్నటి పులుసులో కాస్త ఉప్పెక్కువైందమ్మా" అని నెమ్మదిగా అన్నారు. మీరు ఆవిడనేమీ అనలేదు. శ్రీవారినీ ఏమీ అనలేదు. ఇంతలో పనమ్మాయి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అంతే! "రోజూ ఇదే వరస! మీకెంత చేసినా ఇంతే!" అంటూ విరుచుకుపడ్డారు. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా గిన్నెల దగ్గర కూర్చుంది.

ఇలాంటి ఉదయం ఏ ఇంట్లో లేదు చెప్పండి!

అత్తమీద కోపం దుత్తమీద చూపినట్టు అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. సామెతలోని దుత్త మట్టిది, పగిలి ఊరుకుంటుంది. మన ఇళ్ళలో ఆ దుత్త స్థానంలో ఉండేది మాత్రం ప్రాణమున్న మనుషులు. పనమ్మాయి, పిల్లలు, కొత్తగా వచ్చిన కోడలు, ఇంటికొచ్చే చాకలి, కూరగాయల బండివాడు... వీళ్ళంతా ఎదురు చెప్పలేనివాళ్ళే. నీరు పల్లమెరుగు అన్నట్టు కోపానికి కూడా పల్లం బాగా తెలుసు. అది ఎప్పుడూ మనకన్నా తక్కువ స్థాయిలో ఉన్నారనుకున్న వాళ్ళమీదికే పోతుంది.

అందుకే కోపాన్ని అదుపులో పెట్టుకోవడమనేది మన ఒంటికీ మనసుకీ సంబంధించిన విషయం మాత్రమే కాదు. మనం ఎవరిని ఎలా చూస్తున్నాం, ఎవరిని తక్కువగా లెక్కేస్తున్నాం అన్న సంగతి కూడా అందులోనే బయటపడుతుంది. మనసు శాస్త్రవేత్తలు ఈ విషయంమీద చాలా ఏళ్ళుగా పరిశోధనలు చేశారు. వాళ్ళు కనిపెట్టిన వాటిలో మన వంటింటి దాకా పనికొచ్చేవి కొన్ని చూద్దామా?

కుక్కర్ కథ నిజం కాదు

"కోపాన్ని లోపల పెట్టుకోకూడదు, వెళ్ళగక్కేస్తే మనసు తేలికవుతుంది" అని చాలామంది నమ్ముతారు. ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరి పోకపోతే పేలుతుంది కదా, మనసూ అంతే అని చెప్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నిజమేనా?

అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో 600 మంది కాలేజీ విద్యార్థులతో ఓ ప్రయోగం చేశారు. ముందు వాళ్ళు రాసిన వ్యాసాన్ని ఘోరంగా విమర్శించి కోపం తెప్పించారు. తర్వాత కొందరిని ఆ విమర్శించినవాళ్ళనే తలుచుకుంటూ గుద్దుల సంచీని బాదమన్నారు. కొందరిని వ్యాయామం అనుకుంటూ బాదమన్నారు. మిగిలినవాళ్ళని రెండు నిమిషాలపాటు ఊరికే కూర్చోబెట్టారు. శత్రువుని తలుచుకుంటూ కసిదీరా బాదినవాళ్ళ కోపం తగ్గలేదు సరికదా, అందరికంటే వాళ్ళకే ఎక్కువగా మిగిలింది! ఊరికే కూర్చున్నవాళ్ళే అవతలివాళ్ళతో అందరికన్నా మెత్తగా ప్రవర్తించారు.

2024లో బుష్‌మన్, మరో పరిశోధకురాలు కలిసి అప్పటిదాకా జరిగిన 154 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. 10 వేలమందికి పైగా పాల్గొన్న అధ్యయనాలవి. కోపాన్ని తగ్గించేవి శరీరాన్ని చల్లబరిచే పనులేనని తేలింది. నిదానంగా ఊపిరి పీల్చి వదలడం, ధ్యానం, యోగా, ఒళ్ళు వదులు చేసుకోవడం వంటివన్నమాట. గుండె వేగం పెంచే పనులు చాలావరకు కోపానికి మందుగా పనిచెయ్యలేదు. పరుగెత్తడం కోపాన్ని పెంచేలా కనిపించింది కూడా.

కాబట్టి గిన్నెలు ధడేల్‌మని పెట్టడం, తలుపు ధనేల్‌మని వెయ్యడం, పక్కింటావిడ దగ్గర అదే సంగతి నాలుగోసారి చెప్పుకోవడం... ఇవన్నీ పొయ్యి ఆర్పకుండా కుక్కర్ వెయిట్ ఎత్తుతూ కూర్చోవడం లాంటివి. కింద మంట అలాగే ఉంటుంది. ముందు పొయ్యి కట్టెయ్యాలి కదా!

మరి మింగితే అరుగుతుందా?

"మాకు అరవడం అలవాటు లేదండీ, అన్నీ లోపలే దిగమింగుకుంటాం" అంటారా? మన ఆడవాళ్ళకి చిన్నప్పటినుంచీ నేర్పేది ఇదే. "ఆడపిల్లవి, నువ్వే సర్దుకుపోవాలి", "ఇంటి గుట్టు బయటపెట్టకు", "మగాడు అన్నాక కోపం ఉంటుంది". ఇలా దిగమింగడానికే మనం ఓర్పు అని పేరు పెట్టుకున్నాం.

కానీ మింగిన కోపం అరగదు. 2003లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ గ్రాస్ బృందం ఒక ప్రయోగం చేసింది. ఒకరికొకరు పరిచయం లేని ఇద్దరిద్దరు స్త్రీలకు మనసు కలచివేసే ఒక చిత్రం చూపించి, దాని గురించి మాట్లాడుకోమన్నారు. కొన్ని జంటల్లో ఒకావిడకు మాత్రం రహస్యంగా, "మీ మనసులో ఉన్నది ముఖంలో కనిపించనివ్వకండి" అని చెప్పారు. అలా అణుచుకున్నావిడతో మాట్లాడుతున్న రెండో ఆవిడకి రక్తపోటు పెరిగింది! ఆ జంటల మధ్య చనువు కూడా సరిగా ఏర్పడలేదు. ఏమీ బయటికి అనకపోయినా ఎదుటివాళ్ళ ఒంటికి తెలిసిపోతోందన్నమాట. మీరు మూతి ముడుచుకుని మౌనంగా వడ్డిస్తుంటే ఇల్లంతా బిగుసుకుపోవడం మీకు తెలియనిదా!

ఇందులో ఇంకో ముచ్చట కూడా ఉంది. నాలుగేళ్ళ తర్వాత, 2007లో, అదే తరహా పరిశోధనలో ఆసియా ఖండపు విలువలతో పెరిగిన స్త్రీలని కూడా చూశారు. వాళ్ళలో ఈ నష్టం తక్కువగా కనిపించింది. అంటే, ఎదుటివాళ్ళ మనసు నొప్పించకూడదని మర్యాదగా ఆగడం ఒకటి, భయంతో నోరు నొక్కుకోవడం మరొకటి. పైకి రెండూ మౌనంలాగే ఉంటాయి.

రెండోరకం మౌనం ఎంత ప్రమాదమో చెప్పే అధ్యయనం అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో జరిగింది. గుండెజబ్బుల మీద తరాలుగా పరిశోధన నడుస్తున్న ఊరది. అక్కడి భార్యాభర్తల్ని పదేళ్ళపాటు గమనించి 2007లో ఫలితాలు ప్రకటించారు. భర్తతో గొడవ వచ్చినప్పుడు ఎప్పుడూ నోరు మూసుకుని ఉండిపోయే స్త్రీలకు, అలా ఉండని స్త్రీలతో పోలిస్తే, ఆ పదేళ్ళలో చనిపోయే ప్రమాదం నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. మౌనమే చావుకు కారణమని ఒక్క అధ్యయనంతో తేల్చెయ్యలేం. కానీ "నేను మాట్లాడకపోతేనే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది" అనుకునే ఇల్లాలు, ఆ ప్రశాంతత ఖరీదు ఎవరు కడుతున్నారో ఒక్కసారి ఆలోచించుకోవాలి.

అదుపు అంటే అసలేమిటి?

వెళ్ళగక్కితే మంట పెరుగుతుంది, మింగితే ఒంటికి చేటు. మరి ఏం చెయ్యాలంటారా? మధ్యలో ఇంకో దారి ఉంది. కోపం వచ్చిందని ఒప్పుకుని, అది దేనిమీద వచ్చిందో చూసి, చెప్పాల్సినవాళ్ళకి చెప్పాల్సిన వేళ చెప్పడం. అదుపు అంటే ఇదే.

గ్రాస్, ఆలివర్ జాన్ అనే ఇద్దరు పరిశోధకులు 2003లో రెండు రకాల మనుషుల్ని పోల్చి చూశారు. ఒకరకం వాళ్ళు భావాలు వచ్చాక వాటిని అణిచేస్తారు. రెండోరకం వాళ్ళు ఆ సంగతిని ఇంకో కోణంలో చూసి మనసుకి నచ్చచెప్పుకుంటారు. రెండోరకం వాళ్ళలో సంతోషం ఎక్కువ, దిగులు తక్కువ. వాళ్ళకి స్నేహాలు కూడా బాగున్నాయి. అణిచేసేవాళ్ళలో సరిగ్గా దీనికి తలకిందులుగా కనిపించింది.

ఇంకో కోణం అంటే మరేమీ లేదు. "ఉప్పెక్కువైందమ్మా" అన్న మాటని "నా వంటకి వంకపెట్టింది" అని వినొచ్చు. "ఆవిడకి బీపీ మాత్రలు పడుతున్నాయి, ఉప్పంటే భయం" అని కూడా వినొచ్చు. మాట అదే. వినే చెవిని బట్టి రోజంతా మారిపోతుంది. నిజంగానే వంకపెట్టారనుకోండి, అప్పుడు ఆ మాటకి జవాబు అత్తగారికే చెప్పాలి. మధ్యలో పనమ్మాయి చేసిన పాపం ఏమిటి?

"వాళ్ళంతా ఇంతే" అనే మాట ఎప్పుడొస్తుంది?

ఇక్కడ ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పుకోవాలి. మనకి కోపం వచ్చినప్పుడు నోట్లోంచి వచ్చే మాటలు గమనించారా? "నువ్వు ఇవాళ ఆలస్యంగా వచ్చావు" అనం. "మీ వాళ్ళంతా ఇంతే!" అంటాం. "ఆ ఊరివాళ్ళు అంతే", "ఆ కులంవాళ్ళ బుద్ధే అంత", "కోడళ్ళంతా ఒకటే", "అత్తలంతా ఒకటే". ఒక మనిషి చేసిన తప్పు ఒక్క క్షణంలో ఓ సమూహం తప్పయి కూర్చుంటుంది.

ఇలాంటి ముద్రలు మనందరి బుర్రల్లోనూ చిన్నప్పటినుంచీ పేరుకుని ఉంటాయని ప్యాట్రీషియా డివైన్ అనే శాస్త్రవేత్త 1989లో రాశారు. వివక్ష తప్పని మనస్ఫూర్తిగా నమ్మేవాళ్ళకి కూడా ఆ ముద్రే ముందు గుర్తొస్తుందట. దాన్ని పట్టుకుని ఆపి, నిదానంగా ఆలోచించి, ఆ మనిషిని మనిషిగా చూడడానికి కాస్త ప్రయత్నం కావాలి. మొదటి తలపు మన చేతుల్లో లేదు. రెండో తలపు మాత్రం మన చేతుల్లోనే ఉంది.

ఆ ప్రయత్నానికి ఓపిక కావాలి. ఓపిక లేని వేళ ముద్రే గెలుస్తుంది. 1990లో గేలెన్ బోడెన్‌హౌసెన్ అనే పరిశోధకుడు దీన్ని చక్కగా నిరూపించారు. పొద్దున్నే చురుగ్గా ఉండేవాళ్ళూ, సాయంత్రం చురుగ్గా ఉండేవాళ్ళూ అని విద్యార్థుల్ని రెండు రకాలుగా చూసి, ఏదో తప్పు చేశాడని ఆరోపణ ఉన్న ఒక విద్యార్థి గురించి తీర్పు చెప్పమన్నారు. పొద్దుటి మనుషులు సాయంత్రంపూట, సాయంత్రపు మనుషులు పొద్దున్నపూట, అంటే ఎవరికి ఓపిక లేని వేళలో వాళ్ళు, ఆ విద్యార్థి ఏ జాతివాడు, ఎలాంటివాడన్న ముద్రనిబట్టి ఎక్కువగా తీర్పిచ్చారు!

చూశారా? అలసట వల్ల చెడేది ఒళ్ళు ఒక్కటే కాదు. మన న్యాయబుద్ధి కూడా అలిసిపోతుంది. పనమ్మాయికి విడిగా గ్లాసు పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. "ఎందుకు?" అని ప్రశాంతంగా ఉన్నప్పుడు అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. "మొదట్నుంచీ అలవాటు" అంటారు. అలవాటుగా చేసే పనికి ఆలోచన అక్కర్లేదు, మానడానికే ఆలోచన కావాలి. మన ఇల్లు తుడిచి, మన గిన్నెలు తోమే చేతికి మన గ్లాసు పనికిరాకుండా ఎలా పోయింది? ఓపిక ఉన్న ఓ మధ్యాహ్నం ఈ ప్రశ్న మిమ్మల్ని మీరే వేసుకుని చూడండి.

మనమీద మనకే ఉన్న ముద్ర

ఎదుటివాళ్ళమీద ముద్రల సంగతి సరే. మనమీద మనకే ఉన్న ముద్ర మాటేమిటి?

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీలని ఒక ప్రశ్న అడిగారు. భార్య చెప్పకుండా బయటికి వెళ్ళడం, ఇంటినో పిల్లల్నో సరిగా చూసుకోకపోవడం, ఎదురు మాట్లాడడం, వంట సరిగా చెయ్యకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం వంటి ఏడు కారణాలు చెప్పి, వీటిలో దేనికైనా భర్త కొట్టడం న్యాయమేనా అని. తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం స్త్రీలు కనీసం ఒక్క కారణానికైనా న్యాయమేనన్నారు. దేశంలోకెల్లా అత్యధిక స్థాయి ఇది. ఈ మాట అన్నది మగవాళ్ళు కాదు సుమా, మనమే!

పులుసులో ఉప్పెక్కువైతే దెబ్బ తినడం న్యాయమేనని ఒప్పుకున్న తల్లి, రేపు తన కూతురికి ఏం చెప్తుంది? తన కోడలి విషయంలో కొడుక్కి ఏం నేర్పుతుంది? పేదవాడి కోపం పెదవికి చేటు అంటారు. తరతరాలుగా మన కోపం మన పెదవికే చేటయింది కాబట్టి, అసలు మనకి కోపం వచ్చే హక్కే లేదనుకునేదాకా వచ్చాం. ఇది అదుపు కాదు. ఎవరో మనకి వేసిన కళ్ళెం.

అందుకని ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. కోపం అదుపులో పెట్టుకోండి అంటే దెబ్బలు భరించండి అని అర్థం కానే కాదు. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. చెయ్యి చేసుకోవడమే కాదు, నోటి మాటలతో హింసించడం, ఖర్చులకు డబ్బివ్వకుండా ఏడిపించడం కూడా ఆ చట్టం కింద హింసే. సాయం కావాలంటే 181 నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు. అదుపు అవసరమైంది చెయ్యి ఎత్తినవాళ్ళకి!

పిల్లల ఓర్పు మన మాటమీద ఆధారపడుతుంది

ఇక పిల్లల సంగతి. న్యూజీలాండ్‌లోని డ్యునెడిన్ అనే ఊళ్ళో 1972-73లో పుట్టిన సుమారు వెయ్యిమంది పిల్లల్ని పరిశోధకులు పుట్టినప్పటినుంచీ గమనిస్తూ వస్తున్నారు. మూడేళ్ళనుంచి పదకొండేళ్ళ దాకా వాళ్ళ నిగ్రహాన్ని తల్లిదండ్రుల్ని, టీచర్లని అడిగి రాసిపెట్టుకున్నారు. 2011లో ఫలితాలు చూస్తే, చిన్నప్పుడు నిగ్రహం ఉన్నవాళ్ళు 32 ఏళ్ళు వచ్చేసరికి ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారు, చేతిలో నాలుగు డబ్బులు దాచుకున్నారు, నేరాల్లో చిక్కుకున్నవాళ్ళు తక్కువ. తెలివితేటలు, ఇంటి స్తోమతు లెక్కలోంచి తీసేసినా ఈ తేడా నిలిచింది. చిన్నప్పుడు లేకపోయినా పెద్దయ్యేలోపు నిగ్రహం అలవరుచుకున్నవాళ్ళు కూడా బాగుపడ్డారు. కాబట్టి "మావాడు మొండివాడు, ఇంతే" అని నీరుగారిపోనక్కర్లేదు.

నిగ్రహం నేర్పడం అంటే బెత్తం పట్టుకోవడం కాదు. 2013లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 28 మంది చిన్నపిల్లలతో చేసిన ప్రయోగం వినండి. ముందు పిల్లలకి "మంచి రంగు పెన్సిళ్ళు తెస్తాం, ఆగండి" అని చెప్పారు. సగం మందికి మాటప్రకారం తెచ్చిచ్చారు. మిగిలిన సగం మందికి "అయ్యో, లేవు" అన్నారు. తర్వాత ఒక్కొక్కరి ముందు ఒక తీపి బిళ్ళ పెట్టి, "నేను వచ్చేదాకా తినకుండా ఉంటే ఇంకోటి ఇస్తా" అన్నారు. మాట నిలబెట్టుకున్నవాళ్ళ దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్ళ దగ్గర 3 నిమిషాలు మాత్రమే!

అంటే ఆగలేకపోవడం పిల్లల తప్పు కాదు, ఆగితే వస్తుందన్న నమ్మకం లేకపోవడం. "ఏడవకు, సాయంత్రం ఐస్‌క్రీమ్ కొనిపెడతా" అని సాయంత్రానికి మర్చిపోయే తల్లి, రేపటినుంచి ఆగొద్దని తానే నేర్పుతోంది. కొనగలిగిందే చెప్పండి. చెప్పింది కొనండి. పెద్దవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. నెలజీతం ఎప్పుడిస్తారో తెలియని పనమ్మాయి మధ్యలో అప్పు అడిగితే, "వీళ్ళకి పొదుపు తెలీదు" అనేస్తాం. ఒకటో తారీఖున ఠంచనుగా జీతం ఇచ్చి చూడండి.

ఒంట్లో సత్తువ లేకపోతే ఓర్పెక్కడిది?

మన రాష్ట్రాల్లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఎంతమందికి ఉందో తెలుసా? అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా! రక్తం తక్కువైతే నీరసం, ఆయాసం, చిరాకు. "ఈ మధ్య చీటికీ మాటికీ విసుక్కుంటున్నావ్" అని ఇంట్లో అంటుంటే, స్వభావం మారిందనుకునే ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ తేడాలున్నా, ముట్లు ఆగిపోయే వయసులో కూడా చిరాకు ఉంటుంది.

అందరికీ వడ్డించి, చివర్లో గిన్నె అడుగున మిగిలింది తినే అలవాటు మానండి. తోటకూర, మునగాకు, రాగులు, నువ్వులు వారంలో తరచుగా ఉండేలా చూసుకోండి. పప్పులో, ఆకుకూరలో నిమ్మరసం పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం అవగానే టీ, కాఫీ తాగకండి, అవి ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. ఓ గంట ఆగండి. నిద్ర విషయంలో కూడా మొహమాటం వద్దు. రాత్రి ఆఖరున పడుకుని పొద్దున్న అందరికన్నా ముందు లేచే మనిషికి ఓర్పు గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. ముందు రాత్రి గిన్నెలు సర్దడానికి ఎవరైనా ఓ చెయ్యి వేస్తే చాలు.

ఇలా చేసి చూడండి

ముందే అనుకోండి: "కోప్పడకూడదు" అని ఒట్టు పెట్టుకుంటే నిలవదు. "అత్తయ్యగారు వంట గురించి ఏదైనా అంటే, ముందు ఓ గ్లాసు మంచినీళ్ళు తాగి అప్పుడు జవాబిస్తాను" అని ఫలానా సందర్భానికి ఫలానా పని ముందే అనుకోండి. ఇలా "ఇదైతే అది" అని జతచేసుకున్న సంకల్పాలు ఎక్కువగా నెరవేరతాయని జర్మన్ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ చూపించారు.

రెండు నిమిషాలు ఆగండి: పొయ్యి కట్టేసి, బాల్కనీలోకో పెరట్లోకో వెళ్ళి, లోపలికి పీల్చిన దానికన్నా నెమ్మదిగా ఊపిరి వదలండి. ఆ కాసేపు జరిగినదాన్ని మళ్ళీ మళ్ళీ నెమరు వేసుకోకండి.

చెప్పాల్సినవాళ్ళకే చెప్పండి: "అత్తయ్యగారూ, ఉప్పు కారాలు పొయ్యిమీద ఉన్నప్పుడే మీరోసారి చూసి చెప్పండి. అందరూ తినేశాక అంటే నాకు మనసుకి కష్టంగా ఉంటోంది." "ఏమండీ, పొద్దున్నపూట కళ్ళజోడు, తాళాలు మీరే చూసుకోండి. ఆ టైములో నాకు చేతులు ఖాళీ ఉండవు." ఈ మాటల్లో తిట్టు లేదు, ఏడుపు లేదు, అబద్ధమూ లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మంచి నోరంటే మూసుకున్న నోరని ఎవరూ అనలేదు కదా!

మనసుతో కుస్తీ తగ్గించండి: 2012లో జర్మనీలో 200 మందికి పైగా పెద్దవాళ్ళని వారంపాటు గమనిస్తే, నిగ్రహం బాగా ఉన్నవాళ్ళకి అసలు మనసుతో పోరాడే సందర్భాలే తక్కువగా వచ్చాయి. ఏర్పాట్లలోనే ఉంది కిటుకు. సాక్సులు, పుస్తకాలు, కూరగాయలు రాత్రే సిద్ధం చేసుకుంటే పొద్దుటి కోపం సగం తగ్గుతుంది. పూతరేకుల డబ్బా పై అరలో పెడితే నోరు కట్టేసుకునే పనే ఉండదు.

"వాళ్ళంతా" మాట మానండి: ఆ మాట నోటికి వచ్చినప్పుడు ఆగి, ఆ మనిషి పేరు పెట్టి, ఇవాళ చేసిన ఒక్క పని గురించే మాట్లాడండి. "లక్ష్మీ, ఇవాళ ఆలస్యమైందేం?" అని అడిగితే జవాబు వస్తుంది. పాపకి జ్వరమో, బస్సు రాలేదో తెలుస్తుంది.

నోరు జారితే సర్దుకోండి: పిల్లల్ని, పనమ్మాయిని అనవసరంగా కేకలేస్తే ఆ పూటే "తప్పు నాదే" అని చెప్పండి. పరువు పోదు. పెద్దవాళ్ళు కూడా పొరపాటు ఒప్పుకుంటారని పిల్లలకి తెలుస్తుంది.

ఎన్ని చేసినా దిగులు, కోపం వారాల తరబడి వదలకపోతే డాక్టర్‌ని కలవడానికి సిగ్గుపడకండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకి 14416 నంబరుకి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఖర్చు ఉండదు.

చివరగా, ఈ వారం ఒక చిన్న పని చెయ్యండి. వంటింట్లో క్యాలెండర్ ఉంటుందిగా, పాలు, గ్యాస్ లెక్కలు రాసుకునేది. కోపం వచ్చినప్పుడల్లా ఆ తారీఖు పక్కన మూడు ముక్కలు రాయండి. ఎన్ని గంటలకి వచ్చింది? అసలు ఎవరిమీద వచ్చింది? చివరికి ఎవరిమీద చూపించారు? వారం గడిచాక రెండో జవాబూ మూడో జవాబూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రెండు పేర్లూ ఒకటే అయితే ఫర్వాలేదు, మాట్లాడుకుంటే తీరిపోతుంది. వేరైతే మాత్రం, మీ ఇంట్లో దుత్త ఎవరో మీకు తెలిసిపోయినట్టే.